సీసాలోని మందు, ట్యాంకులోని డీజిల్

హనుమకొండలో ట్రాక్టరు, లారీ, వరికోత యంత్రాల యజమానులూ డీజిల్ మెకానిక్కులూ హాజరైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు, తోటి మెకానిక్ సోదరులకు, యాసంగి కోతల హడావుడిలో కూడా పని ఆపుకుని వచ్చిన రైతులకు నమస్కారం.

ముప్పై ఏళ్లుగా డీజిల్ పంపులు, ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు విప్పి బిగించడమే నా పని. ఇన్నేళ్లలో నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, డీజిల్‌ల ఆ మందు పోస్తే ఏమన్న ఫాయిదా ఉంటదా?" విడిభాగాల దుకాణంలో రంగురంగుల సీసాలు వరుసగా పెట్టి ఉంటాయి. ఒకటి మైలేజీ పెంచుతుందంటుంది, ఒకటి పొగ తగ్గిస్తుందంటుంది, మరొకటి ఇంజిన్‌కు పోయిన ప్రాణం తిరిగి తెస్తుందంటుంది. మన ప్రాంతంలో దాన్ని మందు అనే పిలుస్తాం. మందు అని పిలిచినప్పుడు ఏ రోగానికి అన్న ప్రశ్న కూడా అడగాలి కదా. ఆ ప్రశ్న అడగకుండానే సీసా మూత తీస్తున్నాం. ఈ సాయంత్రం ఆ ఒక్క విషయమే మీతో వివరంగా మాట్లాడాలని వచ్చాను.

ముందుగా బంకులో మనం కొనే డీజిల్ ఎలాంటిదో తెలుసుకోవాలి. 1990ల ఆరంభంలో మన దేశంలో అమ్మిన డీజిల్‌లో గంధకం బరువులో ఒక శాతం దాకా, అంటే పది లక్షల పాళ్లలో 10,000 పాళ్ల దాకా ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 (భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణం) డీజిల్ వచ్చాక అది 10 పాళ్లకు మించకూడదు. గంధకం తీసేయడానికి రిఫైనరీలో డీజిల్‌ను హైడ్రోజన్‌తో కలిపి ఎక్కువ వేడిమీద, ఎక్కువ ఒత్తిడి కింద శుద్ధి చేస్తారు. ఆ శుద్ధిలో గంధకంతో పాటు డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం, అంటే పంపులో కదిలే ప్లంజరూ అది కదిలే బ్యారెలూ ఒకదానితో ఒకటి రాపిడి పడకుండా కాపాడే గుణం కూడా చాలావరకు పోతుంది. అందుకని రిఫైనరీవాళ్లే ఆ గుణాన్ని తిరిగి ఇచ్చే పదార్థాన్ని కొలత ప్రకారం కలుపుతారు. 60 డిగ్రీల వేడిలో డీజిల్‌లో ముంచిన ఉక్కు గుండును ఉక్కు పలక మీద రుద్ది, గుండుపై పడిన అరుగు మచ్చ 460 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకుండా ఉందా అని పరీక్షించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 చెబుతున్నది. అంటే మంచి బంకులో మీరు పోయించుకునే డీజిల్‌లో మందు ముందే కలిసి ఉంది. "కొత్త డీజిల్ పలచగ ఉన్నది, పంపు పాడైతది, ఇంత ఇంజిన్ ఆయిల్ కలుపుదాం" అనే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మైలేజీ. సీసా మీద 10 శాతం, 15 శాతం ఆదా అని రాసి, ఇంధనం పూర్తిగా కాలేలా చేస్తుందని దానికి కారణం చెబుతారు. నల్లపొగ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఆ మాట మనకు నిజమనిపిస్తుంది. కానీ మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజిన్‌లోకి వెళ్లిన ఇంధనంలో 98 శాతానికి పైగా ఇప్పటికే కాలిపోతున్నది. కాలకుండా మిగిలేది రెండు శాతం లోపే. ఆ రెండు శాతాన్ని ఏదో ఒక అద్భుతంతో మొత్తం కాల్చినా మిగిలే లాభం రెండు శాతమే అవుతుంది తప్ప పదిహేను కాజాలదు. మనం డబ్బు పోసి కొన్న వేడిలో సగానికి పైగా పోయేది పొగగొట్టం నుంచి, రేడియేటర్ నుంచి. అది యంత్ర నిర్మాణానికి, ఉష్ణ సూత్రాలకు సంబంధించిన నష్టం, ట్యాంకులో పోసే చెంచాడు ద్రవం దాన్ని ఆపలేదు. లీటరు డీజిల్‌లో ఒక మిల్లీలీటరు కలిపితే ఆ ఒక్క మిల్లీలీటరు ఎంత శక్తిమంతమైనదైనా దాని నుంచి వచ్చే వేడి లెక్కలోకి రాదు.

అయితే ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే నేను మీకు సగం నిజమే చెప్పినవాడిని అవుతాను. 98 శాతం అన్నది మంచి స్థితిలో ఉన్న ఇంజిన్ లెక్క. ఇంజెక్టర్ కొనన ఉండే నాజిల్ పాడై డీజిల్ మంచుపొగలా కాక ధారగా కారుతుంటే, అది కాలినా ఆలస్యంగా, పిస్టన్ కిందికి దిగిపోతున్నప్పుడు కాలుతుంది. ఆ వేడి చక్రాన్ని తిప్పదు, సైలెన్సర్‌ను మాత్రం కాలుస్తుంది. అలాంటి బండికి నిజంగానే మైలేజీ పడిపోతుంది. అప్పుడు అడగవలసింది నాజిల్ ఎందుకు పాడైందని.

పోయిన వానాకాలం నాట్లప్పుడు పరకాల వైపు నుంచి ఒక రైతు తన ట్రాక్టరు ఇంజెక్టర్లు గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, రెండు సీసలు పోసిన. పొగ తగ్గుతలేదు, కరిగెట దున్నుతుంటే బండి గుంజుతలేదు" అన్నాడు. మొదటి ఇంజెక్టర్‌ను టెస్టర్‌కు బిగించి పిడి నొక్కాను. మంచి నాజిల్ అయితే మన భాషలో 200 కేజీల ప్రెషర్ దగ్గర కిర్రుకిర్రుమంటూ తెరుచుకుని, సాంబ్రాణి పొగలాంటి తుంపర నాలుగు వైపులా సమానంగా కొడుతుంది. ఇది 150 దాటక ముందే చప్పుడు లేకుండా తెరుచుకుంది, రెండు రంధ్రాల నుంచి తుంపర, మిగతా రెంటి నుంచి సన్నటి ధార వచ్చాయి. పిడి వదిలాక కూడా నాజిల్ మూతి మీద ఒక చుక్క ఊరి, కింద పడి, మళ్లీ ఒకటి ఊరింది. విప్పి చూస్తే సూది కొన మీద మసి పెద్దగా లేదు. సీసాలోని క్లీనర్ తన పని చేసినట్టే ఉంది. కానీ సూది కూర్చునే చోట గుండ్రంగా ఒక గీత పడి, అక్కడక్కడ గోధుమ రంగు తుప్పు మచ్చలున్నాయి. మసి అయితే కరుగుతుంది, అరిగిన ఉక్కు మాత్రం ఏ ద్రావకంతోనూ తిరిగి పెరగదు. ఆ రైతు ఆ రెండు సీసాలకు పెట్టిన డబ్బు కొత్త నాజిల్ ధరలో సగం దాకా ఉంది.

అందువల్ల క్లీనర్ రకం మందుల గురించి నా అభిప్రాయం ఇది. వాటికి చేయగలిగిన పని ఒకటి ఉంది, అది చిన్న పని. ఇంజెక్టర్ రంధ్రాల దగ్గర, లోపలి భాగాల మీద పేరుకునే మసినీ జిగురునీ పట్టి విడదీసే రసాయనాలు నిజంగానే ఉన్నాయి, పెద్ద ఇంధన కంపెనీలు తమ ప్రీమియం డీజిల్‌లో వాడేదీ అలాంటి వాటినే. కొత్త కామన్ రైల్ ఇంజిన్లలో, అంటే ఒకే గొట్టంలో ఒత్తిడితో నిలిపిన డీజిల్‌ను అన్ని ఇంజెక్టర్లకూ పంపే ఇంజిన్లలో, ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ పైదాకా ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), నాజిల్ రంధ్రం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉంటే గొప్ప, లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. అంత సన్నని చోట కొంచెం జిగురు పేరుకున్నా ఇంజిన్ ఊగడం, స్టార్టు కాకపోవడం మొదలవుతుంది. ఇంజిన్ ఆపకుండా గంటల తరబడి నిలబడి ఉండే బండ్లకు, ఊళ్లో దగ్గర దగ్గర తిరిగే డీసీఎం వ్యాన్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. అలాంటి బండికి పేరున్న క్లీనర్ ఒకసారి పోసి చూడడంలోనో, అప్పుడప్పుడు ప్రీమియం డీజిల్ పోయించడంలోనో తప్పు లేదు. అదే, పాత పద్ధతి పంపు ఉన్న 35 హెచ్‌పీ ట్రాక్టరుకు ప్రతి ట్యాంకులో పోయడం మాత్రం నా దృష్టిలో వృథా.

సెటేన్ పెంచే మందుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సెటేన్ సంఖ్య అంటే డీజిల్ సిలిండర్‌లోకి పడ్డాక ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత. మన ప్రమాణం ప్రకారం అది కనీసం 51 ఉండాలి, మన ఇంజిన్లను తయారుచేసింది కూడా ఆ లెక్కకే. మందు పోసి దాన్ని మూడు నాలుగు పాయింట్లు పెంచితే చలిలో స్టార్టింగ్ కొంచెం సులభం కావచ్చు, చప్పుడు కొంచెం తగ్గవచ్చు. ఆ పైన లాగుడు, మైలేజీ పెరుగుతాయనుకోవడానికి ఆధారం లేదు. చలికి డీజిల్ గడ్డకట్టకుండా చేసే మందులు మనకు అసలే అక్కరలేదు. 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను విడుదల చేసింది లడాఖ్ కోసం. ఆదిలాబాద్‌లో ఎంత చలి పెట్టినా పొద్దున్నే బండి అందుకోవడం లేదంటే ముందు బ్యాటరీనీ హీటర్ ప్లగ్గులనూ చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పరకాల రైతు సూది మీద తుప్పు మచ్చలున్నాయని చెప్పాను. అవి ఎక్కడివి? అతడు డీజిల్ ఎక్కడి నుంచి పోస్తాడో చూడాలని అడిగి, మరునాడు వాళ్ల ఊరికి వెళ్లాను. కొట్టం పక్కన 200 లీటర్ల ఇనుప డ్రమ్ము నిలబెట్టి ఉంది. మీద మూత బదులు గోనె సంచి కప్పి ఉంది. పైపు వేసి నోటితో లాగి క్యానులోకి, క్యాను నుంచి ట్యాంకులోకి పోస్తారు. డ్రమ్ము అడుగు దాకా గాజు గొట్టం దించి, బొటనవేలితో పై కొన మూసి, పైకి తీసి, తెల్ల సీసాలో వదిలాను. పైన డీజిల్, కింద రెండు వేళ్ల మందాన నీళ్లు, ఆ రెంటి మధ్య పాలమీగడలా గోధుమ రంగు పొర. ఆ పొరను వేళ్ల మధ్య నలిపితే చేప పొలుసులాగా జారింది. అది మురికి కాదు, ప్రాణం ఉన్నది. డీజిల్‌కూ నీళ్లకూ మధ్య బతికి, డీజిల్‌నే తింటూ పెరిగే బూజు. ఫిల్టర్లు నెలకొకసారి మూసుకుపోవడానికి, ఆమ్లం ఊరి నాజిళ్లు తుప్పు పట్టడానికి అదే కారణం. పక్కనే కిటికీలో ఖాళీ మందు సీసాలు రెండు ఉన్నాయి.

నీళ్లు ఎవరో పోసినవి కావు. పగలు ఎండకు డ్రమ్ములో, సగం ఖాళీ ట్యాంకులో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి బయటి తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది, ఆ తేమ ఇనుము గోడల మీద చెమటలా పట్టి అడుగుకు జారుతుంది. వానాకాలం నాలుగు నెలలు ప్రతి రాత్రీ ఇది జరుగుతుంది. పొద్దుగూకి పని అయిపోగానే ట్యాంకు నిండా పోసి నిలబెడితే ఆ చెమటకు చోటే ఉండదు. పైసా ఖర్చు లేని ఈ పని చేసే వాళ్లను మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నీళ్లకు కూడా మందు ఉంది కదా అని మీరు అంటారు. ఉంది, అక్కడే పెద్ద ప్రమాదం ఉంది. నీటి సమస్యకు అమ్మే మందులు రెండు రకాలు. ఒకటి నీళ్లను డీజిల్ నుంచి త్వరగా విడదీసి అడుగుకు దింపేది, అప్పుడు ఫిల్టర్ కింది గిన్నె నుంచి మనం వాటిని వదిలేయవచ్చు. రెండోది ఆల్కహాలు వంటి పదార్థాలతో నీళ్లను డీజిల్‌లో కలిపేసేది. కలిసిన నీళ్లు ఫిల్టర్‌కు చిక్కకుండా నేరుగా ఇంజెక్టర్‌కు పోతాయి. 1,600 బార్ ఒత్తిడిలో, నిప్పులాంటి వేడిలో ఆ నీటి చుక్క ఆవిరై నాజిల్ కొనను చీల్చగలదు. రెండూ పని చేసే తీరు పూర్తిగా వ్యతిరేకం, అయినా దుకాణంలో రెంటినీ "నీళ్ల మందు" అనే అడుగుతాం. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచిన వారంలో భూపాలపల్లి, ములుగు వైపు నుంచి నీట మునిగిన బండ్లు చాలా వచ్చాయి. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి, పైపులు ఊది, కొత్త ఫిల్టర్ వేసిన వాటిలో చాలావరకు బాగుపడ్డాయి. "నీళ్లు తాగే మందు" పోసి సెల్ఫ్ కొట్టిన ఒక కామన్ రైల్ బండికి నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి. ఆ కుటుంబం ఇంట్లో సామాను కూడా వరదలో పోగొట్టుకుంది. ఆ బండి తెచ్చిన పిల్లవాడికి అంచనా ఖర్చు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బూజు చంపే మందుకు మాత్రం నేను చోటు ఇస్తాను. రైస్ మిల్లుల్లో, ఆసుపత్రుల్లో జనరేటర్ల ట్యాంకులు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. అలాంటి చోట ముందు అడుగు నీళ్లు తీసి, ట్యాంకు శుభ్రం చేసి, ఆ తర్వాత సీసా మీద రాసిన కొలత మించకుండా ఆ మందు వేస్తే అది చెల్లించిన డబ్బుకు తగిన పని చేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, అది విషం. నీళ్లు తీయకుండా వేస్తే చచ్చిన బూజంతా ఫిల్టర్‌లోకే వస్తుంది.

మన చేతులతో మనం కలిపే వాటి గురించి కూడా చెప్పాలి. కిరోసిన్ కలిపితే చట్టప్రకారం నేరం, పంపుకు కావలసిన కందెన గుణమూ తగ్గిపోతుంది. ఇంజిన్ ఆయిల్, టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం పాత మెకానిక్కుల అలవాటు. మా గురువు కూడా కలిపేవాడు, ఆయన కాలపు పంపులకు పెద్ద హాని జరగలేదు. కానీ ఇంజిన్ ఆయిల్‌లో జింకు, కాల్షియం వంటి లోహాలుంటాయి, అవి కాలవు, బూడిదవుతాయి. బీఎస్-6 బండి పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ జల్లెడ ఉంటుంది. మసి పట్టితే బండి దాన్ని కాల్చుకోగలదు, లోహపు బూడిదను ఏం చేసినా కాల్చలేదు. "బాగా కాలుస్తుంది" అని అమ్మే కొన్ని సీసాల్లో ఇనుము వంటి లోహ సమ్మేళనాలు ఉంటాయి, వాటికీ ఇదే మాట వర్తిస్తుంది. ప్యూజో కంపెనీ 2000లో తన 607 కారులో సీరియం అనే లోహపు మందును వాడింది నిజమే. కానీ ఆ కారులో దాని కోసం వేరే ట్యాంకు, కొలిచి కలిపే పంపు, బూడిద లెక్క చూసుకుని జల్లెడ శుభ్రం చేసే ఏర్పాటు ముందే చేసి పెట్టారు. మన ట్రాక్టర్లలో కూడా 50 హెచ్‌పీ దాటిన వాటికి 2023 జనవరి నుంచి కొత్త ఉద్గార నియమాలు వచ్చాయి, వాటిలో చాలావాటికి కామన్ రైల్ వచ్చేసింది. పాత బండి అలవాట్లు వాటి దగ్గర పనికిరావు.

యూరియా ద్రవం, అదే డెఫ్, డీజిల్‌లో కలిపే మందు కాదని దయచేసి ఇంట్లో, బండి దగ్గర అందరికీ చెప్పండి. నీలి మూత ఉన్న వేరే ట్యాంకు దానిది, అది పని చేసేది పొగగొట్టంలో, పొగలోని హానికర వాయువులను తగ్గించడానికి. డీజిల్ ట్యాంకులో పొరపాటున పోస్తే తాళం చెవి తిప్పకండి, ట్యాంకు దించండి. రామగుండంలో తయారయ్యే యూరియా మన కళ్ల ముందే ఉంది కదా, నీళ్లలో కలిపి మనమే చేసుకుందామని ఒక తమ్ముడు అడిగాడు. పొలానికి వేసే యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, ఆ మలినాలు పొగగొట్టంలోని ఖరీదైన భాగాన్ని చంపేస్తాయి.

కానుగ నూనె సంగతి కూడా నన్ను చాలామంది అడుగుతారు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ ఆడబిడ్డలు కానుగ గింజల నుంచి నూనె తీసి, దానివల్ల తగ్గే కర్బనానికి 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి సొమ్ము అందుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. శుద్ధి చేసి బయోడీజిల్‌గా మార్చిన నూనె రెండు శాతం కలిసినా పంపుకు కావలసిన కందెన గుణం వస్తుంది, ప్రమాణం ఏడు శాతం దాకా అనుమతిస్తున్నది. కానీ గానుగ పట్టిన నూనెను అలాగే ట్యాంకులో పోయకండి, అది డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన.

ఇంత చెప్పినా, "నేను పోసిన, నాకు మైలేజీ పెరిగింది" అనే వాళ్లు ఇక్కడ కూర్చున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడుతో హైదరాబాద్ వెళ్లిన లారీకి ఒక ట్రిప్పుకూ మరో ట్రిప్పుకూ లోడు, గాలి, ట్రాఫిక్, టైర్లలో గాలి, డ్రైవరు తొందర మారడం వల్లనే అయిదు నుంచి పది శాతం తేడా వస్తుంది. మందు పోసిన రోజు డ్రైవరు కాలు కొంచెం మెత్తగా పడుతుంది, ఆ సంగతి అతనికే తెలియదు. లెక్క ఇలా చూడండి. లీటరు డీజిల్ 95 రూపాయలనుకుందాం. 300 రూపాయల సీసా 60 లీటర్ల ట్యాంకుకు సరిపోతుందనుకుంటే లీటరు మీద అయిదు రూపాయలు పడింది, అంటే లీటరు నూరు రూపాయలయింది. డీజిల్ వాడకం అయిదు శాతం తగ్గితే మీ డబ్బు మీకు వచ్చింది, లాభం ఆ పైన మొదలవుతుంది. నిజంగా పరీక్షించాలనుకుంటే చదునైన చోట గొంతు దాకా ట్యాంకు నింపి, గంటల మీటరు రాసుకుని, అదే పొలంలో, అదే రోటవేటర్‌తో, అదే డ్రైవరుతో ఒక ట్యాంకు మందుతో, ఒక ట్యాంకు మందు లేకుండా, ఏది ఏదో డ్రైవరుకు చెప్పకుండా పది ట్యాంకులు నడపండి. నేను అలా మూడు బండ్ల మీద, మూడు రకాల సీసాలతో చేశాను. మందు ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య నాకు వచ్చిన తేడా, మందు లేని ట్యాంకుల్లోనే ఒకదానికీ మరొకదానికీ మధ్య వచ్చిన తేడా కంటే తక్కువ.

అదే డబ్బును ఫిల్టర్ మీద పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపండి, వరికోత యంత్రానికైతే ప్రతి రోజూ. బంకులో సాంద్రత కొలిచి చూపించమని అడిగే హక్కు మీకు ఉంది, ఆ రోజు రాసి పెట్టిన అంకెకూ మీ ముందు కొలిచిన అంకెకూ తేడా ఘనమీటరుకు మూడు కేజీలు దాటకూడదు. రెండు మూడు ఏళ్లకొకసారి నాజిళ్లు టెస్టర్ మీద పెట్టించండి. ఫిల్టర్ కింది మర వారానికి ఒకసారి తిప్పి నీళ్లు వదలండి.

ఆ బల్ల మీద మూడు తెల్ల సీసాలు పెట్టాను. ఒకటి ఈ పొద్దున బంకులో పట్టింది. ఒకటి బయట నిలబడి ఉన్న లారీ ఫిల్టర్ గిన్నె నుంచి యజమాని అనుమతితో తీసింది. మూడోది ఆ పరకాల డ్రమ్ములోది. దాన్ని నిన్న రాత్రి నుంచి కదపలేదు. కింది భాగాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూడండి, మూత తీసి వాసన కూడా చూడండి. మీ ట్యాంకుల నుంచి తెచ్చిన డీజిల్ ఉన్నవాళ్లు వాటిని పక్కన పెట్టండి, కలిసి చూద్దాం.